ఆయ్ అంటే

చేతికి పట్టీ కట్టే కుర్రాడు
అమలాపురం నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు.
"తాతగారూ, ఇది పెట్టుకుంటే మీరెక్కడున్నా తెలిసిపోద్ది,
మీకు ఇష్టమేనా?"
అడిగాడు, పాపం, అడగలేదనడానికి లేదు.
పల్లాలు గారు "ఆయ్" అన్నారు.
కుర్రాడు ఫోనులో ఎక్కడో టిక్కు పెట్టుకున్నాడు.

మా వైపు ఆయ్ అంటే ఒప్పుకోవడం కాదు బాబూ.
వినపడింది అని.
ఎండన పడి వచ్చావు, కాస్త మజ్జిగ తాగు అని.
నువ్వు చెప్పింది తలకెక్కలేదు గానీ
నిన్ను చిన్నబుచ్చడం నాకిష్టం లేదు అని.
తాసీల్దారుకీ ఆయ్, దింపులవాడికీ ఆయ్.
ఇది చెబుదామనే నోరు తెరిచాను.
నెలకి పన్నెండు వేల జీతం మనిషిని,
మూసుకున్నాను.

ముప్పై నాలుగేళ్ళు గన్నవరం కాలవ లాకు మీద లస్కరు.
ఏ పడవ ముందు, ఏ పడవ ఆగాలి,
ఏ శివారు చేలకి ఎన్ని అంగుళాలు,
తలుపు తీసేదీ ఆయనే, మూసేదీ ఆయనే.
ఇప్పుడు వీధి గుమ్మం దాటితే
ఆయన మణికట్టే కూస్తుంది.

కొడుకు బుల్లెబ్బాయి గారు చెడ్డవాడు కాదు.
అంతర్వేది దారిలో రొయ్యల చెరువు గట్టున పాకలో పడుకుంటాడు.
ఆయన ఫోనులో నాలుగు చెరువులు,
ఏ నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే ఆ గడి ఎర్రగా వెలుగుతుంది.
అయిదో గడిలో నాన్న.
రాత్రి రెండింటికి ఏది మోగినా లేస్తాడు.
ముందు ఏది చూస్తాడని
నేనెప్పుడూ అడగలేదు.

వసారాలో కన్నొకటి బిగించారు.
ఆయన పడిపోతే చూడ్డానికన్నారు.
నేను నడుం వాల్చినా చూస్తుంది.
ముద్ద నోటికందించేటప్పుడు
ఈమధ్య నా చెయ్యి నెమ్మదిగా కదులుతోంది,
ప్రేమ వల్లనో కన్ను వల్లనో నాకే తేలడం లేదు.
స్నానం వేళ దాని మీద తువ్వాలు కప్పుతాను.
మూడు నిమిషాల్లో ఫోను: "కరుణా, ఏమైంది?"
"నీళ్ళు పోస్తున్నానండి."
"ఆయ్" అంటాడు.

నిజం చెప్పాలి.
పోయిన శ్రావణంలో కరెంటు లేని రాత్రి
నేను నిద్రపోయాను, పట్టీ నిద్రపోలేదు.
రేవు మూడో మెట్టు మీద దొరికారు,
పంచె మోకాళ్ళ దాకా తడిసి,
లేని పడవకి చెయ్యి ఊపుతూ.
ఆ కూతే లేకపోతే ఈపాటికి
నేను ఇంకెవరి ఇంట్లోనో, ఆయన పటంలోనో.

నన్ను మాణిక్యం అని పిలుస్తారు.
చిన్నప్పుడే పోయిన చెల్లెలట.
మొదట్లో "కరుణనండీ" అనేదాన్ని.
అన్నప్పుడల్లా ఆ పిల్ల మళ్ళీ కొత్తగా చచ్చిపోయేది.
ఇప్పుడు పలుకుతున్నాను.
అబద్ధానికి తీగెలూ బ్యాటరీలూ అక్కర్లేదు.

కాలవకి నీళ్ళొదిలిన రోజు పొద్దున్నే
ఆయన ముక్కుపుటాలు అదిరాయి.
ఎండిన గుర్రపుడెక్క తడిసే వాసన.
ఏ గడిలోనూ ఆ కబురు వెలగలేదు.
లేచి ఖాకీ చొక్కా అడిగారు.
"పట్టీ విప్పెయ్యనా అండీ?"
"ఆయ్."
ఆ కుర్రాడు విన్న ఆయే.
నేనూ టిక్కు పెట్టుకున్నాను.

లాకు చప్టా మీద నిలబడి
స్కేలు కేసి చూడకుండానే "నాలుగడుగుల రెండు" అన్నారు.
వంగి చూశాను. నాలుగడుగుల రెండు.
నా బొడ్లో ఫోను వణుకుతోంది. మూడోసారికి ఎత్తాను.
"నాన్నేడి?"
"నీళ్ళు చూస్తున్నారండి."
చాలాసేపు మాట లేదు,
అవతల చెరువులో తిరిగే చక్రాల చప్పుడు తప్ప.
"చెయ్యి పట్టుకున్నావా?"

పట్టుకోలేదు.
"ఆయ్" అన్నాను.